నేను చేయని ఉపవాసం

పుంగనూరు చుట్టుపక్కల విశ్వాసుల ఇళ్ళలో నా గురించి ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. దేవదానమన్న నలభై దినాలు ఉపవాసం ఉన్నాడని, అందుకే అంతగా చిక్కిపోయాడని, ఆ ఉపవాసం చివర దేవుడు ఆయనకు కొత్త బలం ఇచ్చాడని. మొన్న పలమనేరు బస్టాండులో నాకు ముక్కూ మొహం తెలియని ఒక తమ్ముడు నా చేతులు పట్టుకుని ఈ సంగతి నాకే చెప్పాడు. చెబుతుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను ఉపవాసం ఉండలేదు. నాకు క్షయ వచ్చింది. ఈ మాట మా సంఘంలో అందరి ముందూ ఒకసారి చెప్పాను. కానీ నిజం మా గుమ్మం దాటలేదు, కథ మాత్రం ఊళ్ళు తిరుగుతోంది. అందుకే రాస్తున్నాను. దగ్గుతూ, చిక్కిపోతూ, ప్రార్థనతోనే సరిపెట్టుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, వాళ్ళ కోసం కూడా.

నాకు పుంగనూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. వారమంతా రాగితీగ, వార్నిష్ వాసన. శుక్రవారం, ఆదివారం సంఘం. మాది పెద్ద సంఘం కాదు. రేకుల కప్పు కింద ఒక హాలు, చాపల మీద కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు, నడుమ దారి. నేను సంఘపెద్దల్లో ఒకణ్ణి. శుక్రవారం ఉపవాస ప్రార్థన నేనే నడిపేవాణ్ణి. రోగుల తల మీద చెయ్యి ఉంచి, నూనె రాసి ప్రార్థించేవాణ్ణి. కొందరికి బాగైంది. అది ఉత్తమాట అని ఈ రోజుకీ అనను. అయితే బాగైన ప్రతి మనిషితో పాటు నా పేరు కూడా కొంచెం పెరిగింది. ఆ పెరగడం నాకు తియ్యగా ఉండేది.

ఆ శుక్రవారాలకు పెద్దపంజాణి దగ్గర ఒక పల్లె నుంచి నరసమ్మవ్వ బస్సులో వచ్చేది. వాళ్ళింట్లో ప్రభువును నమ్ముకున్నది ఆమె ఒక్కతే. కొడుకు, కోడలు లీల తమ దేవుళ్ళను తాము కొలుచుకుంటూ, అవ్వను బస్సెక్కించి పంపేవాళ్ళు. ఆమెకు చెవులు సరిగా వినబడవు. అందుకని ఆమె కోసం ప్రార్థించేటప్పుడు వంగి, చెంపకు చెంప తగిలేంత దగ్గరగా నోరు పెట్టి అరిచేవాణ్ణి. "గెట్టిగా చెయ్యి నాయనా," అనేది. "దేవునికి బాగానే వినబడతాది. నాకే వినబడదు." హాలంతా నవ్వేది.

వానలు మొదలైన రోజుల్లో నాకు దగ్గు పట్టుకుంది. వార్నిష్ పొగ అనుకున్నాను. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. వానలో తడిశాను కదా అనుకున్నాను. ప్యాంటు నడుము దగ్గర వదులైంది. దానికి ఏ కారణమూ అనుకోలేదు. నా భార్య సుగుణ మాత్రం అన్నీ చూస్తూనే ఉంది.

"ఊరోళ్ళ జరాలకంతా చెయ్యి పెడతాండావు. నీ జరం యాడ చూపిచ్చుకుంటావు?" అని ఒకరోజు అడిగింది.

"ప్రభువు చూసుకుంటాడు."

"చూసుకుంటాడులే. డాక్టర్లను గూడా ఆయనే కద చేసింది."

"నేనే ఆసుపత్రికి పోయి కూసుంటే ప్రభువు పేరు ఏం గావల్ల?"

ఆమె చేటలోని చెనిక్కాయలు పక్కన పెట్టింది. "పేరు ఎవురిది? ఆయనదా, నీదా?"

నేను చొక్కా తొడుక్కుని షాపుకు పోయాను. శుక్రవారం కిటికీలు మూసుకుని, బస్టాండు గోల లోపలికి రాకుండా చేసుకుని, ఎప్పటిలాగే అవ్వ చెవిలో ప్రార్థించాను. నడుమ నడుమ దగ్గుతూ.

నవంబరులో మా సంఘంలో బాప్తిస్మాలు జరిగాయి. తర్వాత అందరికీ భోజనాలు. బిరియాని వాసనకే నాకు కడుపులో తిప్పింది. విస్తరి పక్కకు జరిపాను. నా పక్కన కూర్చున్న ఒక తమ్ముడు వడ్డించేవాళ్ళతో మెల్లగా అన్నాడు, "అన్నకు పెట్టొద్దండప్పా. ఉపవాసంలో ఉండాడు. చూస్తాండారు కదా ఎట్ల చిక్కినాడో."

నేను తల వంచుకున్నాను. అంతే నేను చేసింది.

మా వాళ్ళు కానివారికి ఇది అర్థం కావాలంటే ఒకటి చెప్పాలి. ఉపవాసాన్ని చాటుకోకూడదని మాకు బోధ. తల దువ్వుకుని, మొహం కడుక్కుని, ఎవరికీ తెలియకుండా ఉండాలి. కాబట్టి ఉపవాసమా అని అడిగినప్పుడు మాట్లాడకుండా ఉంటే అవునని అర్థం. కాదంటే, వినయం కొద్దీ దాస్తున్నాడని ఇంకా గట్టి అర్థం. ఒకసారి ఆ మాట పుట్టాక దాన్ని చంపడానికి ఒక్కటే దారి, ఉన్న జబ్బు చెప్పడం. నేను చెప్పలేదు. ఆ ఆదివారానికే అది సంఘమంతా పాకింది. నన్ను చూసి పెద్దవాళ్ళు కూడా చాప మీద జరిగి చోటిచ్చేవాళ్ళు.

డిసెంబరు మొదట్లో చేతిరుమాలులో రక్తం కనబడింది. సుగుణ రుమాలు చూసి, షాపు షట్టరు దించి, నన్ను వెంటబెట్టుకుని మదనపల్లె బస్సెక్కింది.

ఆసుపత్రి వరండాలో కూర్చున్న జనాన్ని నేను ఎన్నటికీ మరచిపోను. అందరమూ దగ్గుతున్నాం. అందరి చేతుల్లోనూ తెమడ పట్టే చిన్న డబ్బా. నేను ఇన్నేళ్ళుగా ఎవరి తలల మీద చెయ్యి ఉంచానో, ఆ వరుసలో నేను కూర్చున్నాను. కలకడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా వణుకు చూసి తన కంబళి సగం నా మోకాళ్ళ మీద కప్పాడు. నా పేరు కూడా అడగలేదు. ఆయన నుదుట విభూతి ఉంది. ఆ కంబళి గొర్రెల వాసన వేస్తోంది. నాకెందుకో ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. "టీబీ. మందులకు లొంగే రకమే, భయపడొద్దు. రోజూ వేసుకోవాలి. బాగైపోయిందని నడుమలో మానేస్తేనే ప్రమాదం," అంది. తర్వాత అడిగింది, "ఇంట్లో ఎవరెవరు ఉంటారు? మూసిన గదిలో ఎక్కువసేపు ఎవరితోనన్నా కూర్చుంటారా? వాళ్ళందరికీ పరీక్ష చేయాలి."

"నా భార్య ఒక్కతే," అన్నాను.

సుగుణ నా వైపు చూసింది. ఆమెకు పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. తిరుగు బస్సులో పుంగనూరు దగ్గరపడ్డాక అంది, "శుక్రవారమోళ్ళ మాట చెప్పకపోతివే."

"చెప్తా. రవంత కోలుకోనీ."

కోలుకోవడానికి కుప్పంలో మా ఎస్తేరక్క ఇంటికి పోయాను. పాస్టరయ్యకు ఫోనులో, కొన్నాళ్ళు ఒంటరిగా దేవుని సన్నిధిలో గడపాలని ఉందని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మిగతా కథ సంఘమే అల్లుకుంది.

అక్క వెనకగది నాకిచ్చింది. కిటికీలన్నీ తీసి పెట్టమని డాక్టరమ్మ చెప్పిందని, చలికాలంలోనూ తెరిచే ఉంచింది. బెంగళూరు వైపు పోయే రైళ్ళ కూత వినబడేది. మొదటి రోజుల్లో మాత్రలు మింగితే కడుపులో దేవినట్టు ఉండేది. మూత్రం నారింజ రంగులో పోతే గుండె జారింది, అది మందు రంగేనని అక్క కొడుకు ఎవరినో అడిగి చెప్పేదాకా. క్రిస్మస్ పాటలు వీధి చివరి నుంచి వినబడుతుంటే గోడకు ఆనుకుని కూర్చుని విన్నాను. చిన్నప్పటి నుంచి నేను లేని క్రిస్మస్ ఆరాధన అదొక్కటే. రోగి అయినవాడు సంఘపెద్దలను పిలిపించుకోవాలి, వాళ్ళు నూనె రాసి ప్రార్థించాలి అని మాకు ఆజ్ఞ ఉంది. ఎందరో రోగులకు నేను ఆ నూనె రాశాను. నా కోసం రావడానికి ఒక్క పెద్దకూ నా రోగం సంగతి తెలియదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆకలి వేసింది. మామూలు మాటలా కనబడుతుంది ఇది. నెలల తరబడి లేని ఆకలి ఒక్కసారిగా, పోగొట్టుకున్న మనిషి వాకిట్లో నిలబడినట్టు వచ్చింది. అక్క రాగిసంగటి, పప్పు పెట్టింది. ముద్ద గొంతు దిగుతుంటే నేను నిజంగా భయపడ్డాను. దేవుడి ముందు నిలబడ్డప్పటి భయం అది. ఈ ఒళ్ళు నాది అనుకున్నాను ఇన్నాళ్ళూ. దీన్ని లోపల ఎవరో నడుపుతున్నారు. చిటికెన గోరంత మాత్ర లోపలికి పోయి, నాకు తెలియని చోట, నాకు తెలియని పని చేస్తోంది. ఆ పని చేయించేవాడు నేను శుక్రవారాలు పిలిచినవాడే. నేను సిగ్గుపడి దాచిన ఆసుపత్రిలోనూ ఆయనే ఉన్నాడు.

"తినురా," అంది అక్క. "ఇప్పటికి నీ మొగం మల్లా మొగమైతాండాది."

అప్పుడే పాస్టరయ్య ఫోను చేశాడు. "బ్రదర్, నీ ఉపవాసం కోసం సంఘమంతా మోకరిస్తాండాం. నీరసంగా ఉండాదా?"

నా చేతిలో మూడో ముద్ద ఉంది. "బాగుండాను అయ్యగారూ," అన్నాను. అక్క నన్ను చూసి, గిన్నె ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ పూట ఇంకేమీ వడ్డించలేదు.

జనవరి గడుస్తుండగా ఒక శనివారం సుగుణ ఫోను చేసింది.

"నరసమ్మవ్వ ఎముకల గూడు మాదిరి అయిపోయినాది. తిండి వద్దంటాండాదంట. అన్న ఉండినప్పుడు నేనుండలేనా, నేనూ ఉపవాసముంటా అనిందంట. సంఘంలో అందురూ మెచ్చుకుంటాండారు, ఈ వయసులో ఎంత విశ్వాసమో అని." గొంతు తగ్గించింది. "దగ్గుతాండాది."

నేను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను.

"నేనే చెప్పేద్దామని రెండుసార్లు లేసినా. కానీ అది నువ్వు చెప్పల్సిన మాట," అని పెట్టేసింది.

మరునాడు తెల్లవారి బస్సుకే బయలుదేరాను. వేరేవాళ్ళకు అంటుకునే దశ దాటిపోయిందని అంతకు ముందే డాక్టరమ్మ చెప్పినా, నోటికి గుడ్డ కట్టుకున్నాను. పలమనేరు దాకా మంచు. రోడ్డు పక్క టమాటా పెట్టెలు ఎత్తుతున్నవాళ్ళ నోళ్ళ నుంచి ఆవిరి వస్తోంది. నేను ఆ ఆవిరినే చూస్తూ పోయాను. మట్టితో మనిషిని చేసి, ముక్కుల్లోకి ఊపిరి ఊదాడని మేము నమ్ముతాం. ఆయన ఊదితే మనిషి లేచాడు. నేను ఊదిన ఊపిరికి ఒక ముసలామె పడిపోతోంది.

నేను హాల్లోకి అడుగుపెట్టేసరికి ఆరాధన నడుస్తోంది. బల్ల మీద ప్రభువు భోజనానికి రొట్టె, ద్రాక్షరసం పాత్ర, వాటి మీద తెల్లగుడ్డ. నన్ను చూడగానే స్తోత్రం స్తోత్రం అని గుసగుసలు లేచాయి. పాస్టరయ్య మొహం వెలిగిపోయింది. "ఉపవాసం ముగించుకోని అన్న మన మధ్యకు వచ్చినాడు. రాండి బ్రదర్, సాక్ష్యం చెప్పండి," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఎడమవైపు ముందు వరుసలో, గోడకు ఆనుకుని, నరసమ్మవ్వ కూర్చుని ఉంది. ఆమె కూడా చప్పట్లు కొడుతోంది. చేతులు కలుస్తున్నాయి కానీ చప్పుడు రావడం లేదు.

ఏం చెప్పాలో దారిలో చాలా కూర్చుకున్నాను. అక్కడ నాలుగు మాటలే వచ్చాయి. నేను ఉపవాసం ఉండలేదు. నాకు క్షయ. తెలిసి కూడా దాచాను. శుక్రవారం నాతో కూర్చున్నవాళ్ళందరూ రేపే పరీక్ష చేయించుకోవాలి.

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళోకి దిగాయి.  అవ్వ పక్కనున్నామెను మోచేత్తో పొడిచింది.

"ఏమంటాండాడు?"

పక్కనామె తల తిప్పుకుంది.

"ఏమంటాండాడో చెప్పండే. అందురూ మూతులు ముడుసుకున్యారు, యాల?"

చెప్పేవాళ్ళు లేరు. పాస్టరయ్య తల ఎత్తలేదు. చెప్పాల్సిన నోరు ఒక్కటే ఉందని నాకు అర్థమైంది. నడుమ దారి దాటి ఆడవాళ్ళ వైపుకు పోయి, ఆమె ముందు కాస్త ఎడంగా మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"దగ్గరికి రా నాయనా. యాల అంత దూరం?"

దగ్గరికి జరిగాను. మొహం పక్కకు తిప్పి, గుడ్డలోంచే, హాలంతా రెండోసారి వినేటట్టు అరిచాను. "అవ్వా, నాది ఉపవాసం కాదు. టీబీ. నా దగ్గు నీకు అంటుకున్నట్టుండాది. నీది గూడా ఉపవాసం కాదు. జబ్బు."

ఆమె నా మొహం చాలాసేపు చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"అట్లనా," అంది. "ఆకలి కాకుంటే దేవుడే పిలిచినాడనుకుంటి నాయనా." తర్వాత, "సంగటి తినకుంటే లీల దినామూ తిడతానే ఉండె. ఆ బిడ్డ చెప్పిందే సరి," అంది. లేవబోయి, లేవలేక, నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి బరువు లేదు.

ఆ పూట రొట్టె విరవలేదు. తెల్లగుడ్డ తీయకుండానే ఆరాధన ముగించి, మా సంఘంలో ఒకాయన పాలవ్యానులో అవ్వను పడుకోబెట్టుకుని మదనపల్లె పోయాం. వెంటనే వార్డులో చేర్చుకున్నారు. ఊపిరితిత్తులు రెండూ దెబ్బతిన్నాయని, వయసు మీదపడిందని, ఏమీ చెప్పలేమని అన్నారు.

సాయంత్రానికి లీల వచ్చింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"వారం వారం బస్సెక్కించి పంపిస్తిని అన్నా. నీ దగ్గరకే. మంచి ప్రార్థనే చేసి పెట్టినావు." ఆమె గొంతు పెంచలేదు. "తిండి మానమని మీ దేవుడు చెప్పలేదంట కదా. మల్ల చెప్పినట్ల ఎవురు మొగం పెట్టినారు?"

నేనే, అన్నాను. ఆమె లోపలికి పోయింది.

ఆ తర్వాతి రోజులు నేను వార్డు బయట బెంచీ మీదే ఉన్నాను. ఇన్నేళ్ళూ ప్రార్థన నాకు నీళ్ళలా వచ్చేది. అక్కడ ఒక్క వాక్యం కూడా ముడిపడలేదు. ప్రభువా అని, ఆ తర్వాత ఏమనాలో తెలియక ఆగిపోయేవాణ్ణి. తలుపు అద్దంలోంచి అవ్వ మంచం కనబడేది. మూతి మీద పెట్టిన ప్లాస్టిక్ తొడుగు లోపల ఆవిరి పట్టేది, తేలిపోయేది. మళ్ళీ పట్టేది. నేను చూడగలిగింది అదొక్కటే. ప్రతి ఆవిరికీ, పోయిందనుకుంటాను. మళ్ళీ వస్తుంది. ఎవరూ అడగకుండానే, ఎవరికీ అర్హత లేకుండానే, ఒక్కొక్కటే ఇవ్వబడుతోంది. కృప అని వందసార్లు బోధించాను. అది ఎలా ఉంటుందో ఆ అద్దంలోంచి మొదటిసారి చూశాను. 

పాస్టరయ్య ఒకరోజు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తన తప్పు కూడా చెప్పుకున్నాడు. "నీ మొగం చూసి ఒక్కనాడన్నా జరమేమన్నా ఉండాదా అని అడగల్సింది. సంఘంలో ఒక ఉపవాసి ఉండాడంటే నాకూ గొప్పగానే ఉండె." తర్వాత జేబులోంచి చిన్న నూనెసీసా తీసి, "నువ్వు పిలవలేదు. పిలవకనే వచ్చినా," అని నా నుదుట రాశాడు. నా మాత్రల పొట్లం చేతిలోకి తీసుకుని, దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థించాడు. సంఘపెద్దగా నన్ను తప్పుకోమన్నాడు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల నుంచి కూడా కొంతకాలం ఎడంగా ఉండమన్నాడు. రెండూ ఒకే గొంతుతో, ఒకే ప్రేమతో చెప్పాడు.

శుక్రవారంవాళ్ళ పరీక్షలన్నీ వచ్చాయి. ఇంకెవరికీ లేదు. దానికి నా విశ్వాసంతో ఏ సంబంధమూ లేదు.

ఆ వారంలోనే లీల నా పక్కన టిఫిను క్యారియరు పెట్టింది. మూత తీస్తే సంగటి, ఊరుబిండి పచ్చడి.

"తిను," అంది.

నేను చెయ్యి పెట్టలేకపోయాను.

"తినన్నా. మా అత్త కండ్లు తెరిసింది. తెరిసి ఏమడిగిందో తెల్సునా? అన్న తిన్యాడా అని. ఏం చెప్పేది నేను?" అని కొంగుతో మొహం తుడుచుకుని, "మీ ఇద్దురి ఉపవాసాలకు నా ప్రాణం పోతాండాది," అంది.

ఆ ముద్ద ఎలా మింగానో దేవుడికి తెలుసు.

అవ్వ వేసవి మొదట్లో ఇల్లు చేరింది. లీల రోజూ దగ్గరుండి మాత్రలు మింగించేది. మానేస్తానంటే, "మానుకో, మల్లా శుక్రవారం బస్సెక్కియ్యను," అని బెదిరించేదట. నా మందుల గడువు ముందు ముగిసింది, ఆమెది వానల్లో ముగిసింది. ఇద్దరికీ ఏమీ లేదని డాక్టరమ్మే చెప్పింది.

ఇప్పుడు కూడా శుక్రవారం ప్రార్థన ఉంది, నేను నడపను. కిటికీలన్నీ తీసి ఉంటాయి. బస్టాండు గోల లోపలికి వస్తుంది, రానీ. దగ్గుతూ వచ్చినవాళ్ళ దగ్గరికి నేను పోయి ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతాను. పరీక్ష చేయించుకునేదాకా వెంటపడతాను. తోడు కావాలంటే మదనపల్లె బస్సెక్కుతాను. ప్రార్థన మానమని ఎవరికీ చెప్పను. చెయ్యండి, చేస్తూనే బస్సెక్కండి.

నన్ను మళ్ళీ ప్రభువు బల్లకు రానిచ్చిన ఆదివారం వాన పడుతోంది. మా సంఘంలో పాత్ర ఒక్కటే. ముందు మగవాళ్ళ వరుసల్లో తిరిగి, తర్వాత ఆడవాళ్ళ వైపుకు పోతుంది. నా తర్వాత తాగడానికి ఎవరికైనా జంకు ఉంటుందని, నేను అందరికన్నా చివర తీసుకుంటానని పాస్టరయ్యకు ముందే చెప్పాను. తలుపు దగ్గర, చాప కొసన కూర్చున్నాను. మగవాళ్ళు తీసుకున్నారు, ఆడవాళ్ళు తీసుకుంటున్నారు. పాత్ర తన ముందుకు వచ్చినప్పుడు నరసమ్మవ్వ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. అలిగిందనుకున్నాను.

పాత్ర నా దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచింది. కర్ర ఊనుకుంటూ నడుమ దారి దాటింది. మా హాల్లో ఏ ఆడమనిషీ ఆరాధన నడుమ ఆ దారి దాటలేదు. వచ్చి, మగవాళ్ళ చాప మీద, నా పక్కన, నా తర్వాత కూర్చుంది.

"అవ్వా, ఆడ కూర్చోవల్ల," అని ఎవరో అన్నారు.

ఆమెకు వినబడిందో లేదో. చెవిటివాళ్ళు మాట్లాడే గొంతుతో, అందరికీ వినబడేటట్టు అంది, "వీని దగ్గర ఉండేదంతా నాకు వచ్చి, పోయింది కూడా. వీని తర్వాత తాగేదానికి నాకన్నా తగినోళ్ళు ఎవురుండారు?"

నేను తాగాను. పాత్ర నా పెదవుల నుంచి నేరుగా ఆమె చేతికి పోయింది. ఆమె మిగిలిందంతా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, చెవి నా వైపు వంచింది.

"ఇంగ ప్రార్థన చెయ్యి నాయనా," అంది. "గెట్టిగా."